బీరువాలో ఎండాకాలం

ఫిబ్రవరి 4, చింతామణి

జ్యూరీ నన్ను ఫెయిల్ చేయలేదు, వాయిదా వేసింది. ఈ మాట ముందుగా రాసిపెట్టుకుంటున్నాను. ఇంట్లో ఇప్పటికే అమ్మకొక రకంగా, నాన్నకొక రకంగా చెప్పాను. ఏది ఎవరికి చెప్పానో మరచిపోతే అదింకో ప్రమాదం.

జరిగింది ఇది. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరపు థీసిస్. నేను గీసిన గ్రీన్ బిల్డింగులో కప్పు మీద తోట, తోట పక్కన సోలార్ పలకలు, గాలి ఏ కిటికీలో దూరి ఏ కిటికీలోంచి బయటపడాలో చూపించే నీలం బాణాలు. చాలా అందమైన బాణాలు. జ్యూరీలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ బాణాలు గాలికి చూపించావామ్మా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎదుటివారి జోకు బాగుంటే ఒప్పుకోవడం వృత్తిధర్మం.

నవ్వాక బాణాలున్న షీటు చుట్టేశాను. అది వేరే విషయం.

మా గైడు మోహన్‌కుమార్ సార్ శిక్ష ఖరారు చేశారు. మే నెలలోగా నిజంగా కట్టిన, నిజంగా మనుషులు మసలుతున్న మూడు కట్టడాలు చదివి రావాలి. "నెట్‌లో ఫోటోలు చూసి రాయొద్దు గార్గీ. వెళ్ళి కూర్చో. చెమట పడితే రాసుకో."

మూడు కట్టడాలూ ఎంచుకున్నాను. ఒకటి, చిక్కబళ్ళాపురం హైవే పక్కన, గ్రీన్ బిల్డింగ్ అని ప్లాటినం బిళ్ళ తగిలించుకున్న అద్దాల ఆఫీసు. రెండు, బాగేపల్లికి ఈవల మట్టి ఇటుకలతో కట్టిన ఒక ట్రస్టు బడి. మూడోది, పోల్చుకోవడానికి ఏ గొప్పా లేని మామూలు కట్టడం కావాలన్నారు. మా ఇల్లు రాశాను.

అమ్మ కాగితం చూసింది. "ఏ గొప్పా ల్యాకపోవడమేందే? గృహప్రవేశానికి మూడు ఊర్లోళ్ళు వచ్చినారు."

ఫిబ్రవరి 6

కాలేజీ ల్యాబునుంచి మూడు లాగర్లు తెచ్చాను. అగ్గిపెట్టెంత తెల్ల డబ్బాలు. ముఖాన చిన్న తెర, దాని మీద అప్పటి ఉష్ణోగ్రత. అంతకుముందువన్నీ లోపల దాచుకుంటుంది. ఎవరితోనూ చెప్పదు. కంప్యూటరుకు తగిలిస్తే మాత్రం మొత్తం కక్కేస్తుంది. ఇంత నా పోలిక గల వస్తువును ఇదివరకు చూడలేదు.

మా హాలులో క్యాలెండరు మేకుకే ఒకటి తగిలించాను. కొత్త మేకు కొట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని తెర చదివి, "ఇరవైతొమ్మిది" అన్నాడు, బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టు. రిటైరయ్యాక ఆయనకు ఇంత సంతోషం కలగడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 12

బడి చూశాను. ఓ డైరీ, నేను ప్రేమలో పడ్డాను.

ఎర్రమట్టిని మిషనులో అదిమి చేసిన ఇటుకలు. వాటిని కాల్చలేదు, పైన పూత పూయలేదు. మూర మందం గోడలు. కప్పులో కాంక్రీటు తగ్గించడానికి మధ్యమధ్యన పాత మంగళూరు పెంకులు పొదిగారు. గోడల పైభాగాన వరసగా గాలి రంధ్రాలు. వేడెక్కిన గాలి పైకి లేచి వాటిలోంచి వెళ్ళిపోవాలన్న ఆలోచన. నేను కాగితం మీద గీసిన బాణాలకు ఇక్కడ ఎవరో ఇల్లు కట్టిపెట్టారు.

స్కూటీ సైలెన్సరుకు తూటు పడింది. నేను గేటు చేరేలోగానే పిల్లలు కిటికీలకు వేలాడుతున్నారు. హెడ్‌మిస్ట్రెస్ యశోదమ్మ వరండాలోకి వచ్చి, "లారీ ఏమో అనుకొంటిమి" అంది.

చిన్న మనిషి, పెద్ద గొంతు. ఈ ఇస్కూలు మట్టితో కట్టించడానికి ట్రస్టువాళ్ళతో ఏండ్ల తరబడి పోట్లాడిందట. ఇప్పుడు ట్రస్టు కొత్త అధ్యక్షుడు లక్ష్మణప్ప అంతా మార్చేయాలంటున్నాడట. గోడలకు సిమెంటు పూత, పైన గాలి రంధ్రాలు మూసి ఫాల్స్ సీలింగు, రెండు గదులకు ఏసీ, ముందువైపు అద్దాలు.

"మట్టి ఇస్కూలని ఎగతాళి చేస్తాండారంట. పిల్లోళ్ళను వేరే శాలెకు మారుస్తాండారంట. ఇంగ ఉడుకు, ఉడుకు అని ఒకటే గోల. ఉగాది అయినంక సభ ఉండాది. ఈ ఏడు నేను రిటైరైపోతా గార్గీ. నేను పోయినంక దీని తరఫున మాట్లాడేటోళ్ళు ఎవరుండారు? నువ్వు ఒక వరది రాసియ్యి. నంబర్లతో. నంబర్లు సూస్తే లక్ష్మణప్ప నోరు మూసుకుంటాడు."

నివేదిక రాసిస్తానన్నాను. నన్నెవరైనా నంబర్లు అడగడం, నమ్మి అడగడం, ఫిబ్రవరిలో ఇదే మొదటిసారి.

ఏడో తరగతి గదిలో మేకు కొట్టి రెండో లాగరు తగిలించాను. ఆయా ఆశక్కను పిలిచి యశోదమ్మ గట్టిగా చెప్పింది: "ఇది కాలేజీ సొత్తు. శానా ఖరీదు. దీనికేమన్నా అయితే నీదే పూచీ." ఆశక్క డబ్బా వంక చూసిన చూపు నాకు నచ్చింది. అందులో భక్తి ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

ప్రతి గురువారం వెళ్ళాలని నియమం పెట్టుకున్నాను. బట్లహళ్ళిలో టీ, ఆ తర్వాత రాళ్ళగుట్టల మధ్య దారి, ఆ తర్వాత బడి.

లాగరు మేకుకు బుద్ధిగా వేలాడుతోంది. దాని నుదుట కుంకుమ బొట్టు. నాకు కళ్ళు చెమర్చాయి. మా కాలేజీలో ఏ పరికరానికీ ఇంత మర్యాద జరగలేదు.

గదిలో నాకు చెమట పట్టింది. స్కూటీ మీద వచ్చినందువల్ల.

డబ్బాకు కొంచెం కలరా ఉండల వాసన వేస్తోంది. మట్టిగోడకు చెద పట్టకుండా ఏదో మందు వేసి ఉంటారు.

ఫిబ్రవరి 24, చిక్కబళ్ళాపురం

ప్లాటినం భవనం. లోపల అందరూ స్వెట్టర్లు వేసుకుని పర్యావరణాన్ని కాపాడుతున్నారు.

మూడో లాగరును రిసెప్షన్‌లో పెట్టించాక సెక్యూరిటీ చంద్రు నన్ను దగ్గరుండి తిప్పాడు. వాన నీళ్ళు పట్టుకునే తొట్లు నిజంగా బాగున్నాయి. వాడిన నీళ్ళే శుద్ధిచేసి మొక్కలకు పోస్తున్నారు, అదీ నిజమే. రాసుకున్నాను. తర్వాత సైకిల్ స్టాండు. ఉద్యోగులు సైకిళ్ళ మీద వస్తే బిళ్ళకు మార్కులు పడతాయి. స్టాండులో ఒకే సైకిలు, రెండు టైర్లలోనూ గాలి లేదు.

"ఎవరిది చంద్రూ?"

"ఎవరిదీ కాదు మేడమ్. బిల్డింగుతోపాటే వచ్చినాది."

మేమక్కడ ఉండగానే కరెంటు పోయింది. నేను ఆశగా థర్మామీటరు తీశాను. తీసేలోపే వెనకాల జనరేటరు గర్జించింది. "దాని ఫోటో తీయగూడదు మేడమ్" అన్నాడు చంద్రు, దేవుడి గర్భగుడి ముందు చెప్పినట్టు.

ఫిబ్రవరి 26, గురువారం

బడి. చెమట. బట్లహళ్ళిలో మిరపకాయ బజ్జీలు తిన్నందువల్ల.

తెర మీద ఇరవైఏడు. నా ఒళ్ళు ముప్పైమూడు అంటోంది. పరికరానికి భావోద్వేగాలుండవు, నాకుంటాయి. కాబట్టి పరికరమే రైటు.

మార్చి 3

బడి లాగరును గురువారం తెచ్చి, దాని బదులు ల్యాబులో మిగిలిన ఇంకోటి తగిలించి వచ్చాను. దానికి రేపోమాపో బొట్టు పెడతారు. ఇవాళ పాతదాన్ని కంప్యూటరుకు తగిలించాను.

గీత. బల్లపరుపు గీత. బయట ముప్పైఅయిదు దాటుతోంటే లోపల ఇరవైఆరు. మధ్యాహ్నం ఇరవైఆరు. తెల్లవారుజామున ఇరవైఆరు. పక్కనే మా ఇంటి గీత గాలిపటంలాగా పైకీ కిందికీ ఎగురుతోంది.

లేచి హాలంతా తిరిగాను. అమ్మకు చూపించాను. "బాగుండాది, ఏమిటిది?" అంది. మట్టి గోడ బరువు, మందం, అది పగటి వేడిని పీల్చుకుని రాత్రికి నెమ్మదిగా వదలడం, అన్నీ చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే బాగుంది.

చిన్న విషయం. గురువారాలు మధ్యాహ్నం మాత్రం గీత ఒక చిన్న గంతు వేస్తోంది. నా రాకవల్ల గదిలో కలిగిన సంచలనం అయి ఉంటుంది.

మార్చి 5, గురువారం

యశోదమ్మకు గ్రాఫు ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. సాయంత్రానికల్లా ఫ్రేము కట్టించి ఆఫీసులో, మాజీ అధ్యక్షుల ఫోటోల పక్కన తగిలించింది.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర లక్ష్మణప్ప ఎదురయ్యాడు. చింతామణి మండీలో టమాటా వ్యాపారం, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. నా స్కూటీ వంకా, నా వంకా చూశాడు.

"నువ్వేనా అమ్మా, గోడకు జ్వరం సూసేది?"

"అవునప్పా. జ్వరం లేదు. ఇరవైఆరు."

"ఇరవైఆరా?" తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నాకు చెమట్లు పోస్తాండాయే."

"మీరు ఎండలోంచి వచ్చినారు గదప్పా."

ఈ సమాధానం నాకు చాలా సులభంగా వచ్చింది. అప్పటికే చాలాసార్లు వాడి ఉన్నాను.

మార్చి 8

మోహన్‌కుమార్ సార్ ఫోను. గ్రాఫు పంపి పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను.

"గార్గీ, పగలూ రాత్రీ తేడా లేదు."

"థర్మల్ మాస్ సార్. గోడ బరువే వేడిని పీల్చేసుకుంటోంది."

"ఇది బడా, కొండ గుహా?"

"మూర మందం గోడలు సార్."

"గురువారాలు ఏమవుతోంది?"

"నేను వెళ్తున్నాను సార్."

"నువ్వు వెళ్ళని రోజు ఒకసారి వెళ్ళు" అన్నారు.

మేధావులకు ఇతరుల ఆనందం గిట్టదు.

మార్చి 12, గురువారం

బడి. చెమట పట్టలేదు. కొంచెమే పట్టింది.

మార్చి 17, మంగళవారం

సైలెన్సరు పూర్తిగా ఊడింది. స్కూటీని మెకానిక్‌కు అప్పగించి బస్సెక్కాను. అంతే. సార్ చెప్పారని కాదు.

రోడ్డు మీద దిగి నడిచాను. ఎవరూ కిటికీలకు వేలాడలేదు. ఏడో తరగతిలో కన్నడ మేష్ట్రు హాజరు పుస్తకంతో విసురుకుంటూ పద్యం చెప్తున్నాడు. పిల్లల జుట్లు నుదుళ్ళకు అంటుకుని ఉన్నాయి. గోడ వంక చూశాను.

మేకు ఉంది. మేకుకు ఏమీ లేదు.

"డబ్బా యాడ?" అన్నాను. నా నోట్లోంచి వచ్చినప్పుడు అది ప్రశ్నలా లేదు.

ముందు బెంచీలో జడ రిబ్బన్లమ్మాయి లేచింది. "ఆఫీసులో పండుకోనుంటాది మేడమ్. మీ బండి సద్దు ఇనపడితే ఆశక్క ఎత్తుకొచ్చి తగిలిస్తాది. మీరు పోతానే మల్ల తీస్కపోతాది." తర్వాత, నన్ను ఓదార్చడానికి కాబోలు: "ఈ పొద్దు బండి సద్దే రాల్య గదా మేడమ్."

ఆశక్క పరుగున వచ్చింది. నడుముకు వేలాడే తాళాల గుత్తి తీసి ఆఫీసులో ఇనప బీరువా తెరిచింది. కింది అరలో స్కూల్ డే స్టేజీకి కట్టే ఎర్ర మఖమల్ తెర, చాపలాగా చుట్టి ఉంది. ఆ చుట్ట మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగరును బయటికి తీసింది. బొట్టుతో సహా. చుట్టూ కలరా ఉండలు.

"పిల్లోళ్ళు బాలేసి ఆడతారు గదమ్మా, తగిలి పగిలితే? ఒకరి సొత్తు మన చేతిలో పెట్టినారంటే మన దానికంటే ఎక్కువ కాపాడాల గదా. ఒక్క పొద్దు కూడా మరిసిపోల్యా నేను."

మొహం వెలిగిపోతోంది. శభాష్ అనిపించుకోవడానికి నిలబడింది.

"శభాష్ ఆశక్కా" అన్నాను.

ఇంకేమనాలి?

నెలరోజులుగా నేను కొలిచింది ఒక మఖమల్ తెర నిద్రని.

మార్చి 18

ఏమీ రాయబుద్ధి కాలేదు.

మార్చి 19, ఉగాది

బేవు బెల్లం. అమ్మ నా చేతిలో పెట్టిన దాంట్లో వేప చేదే ఎక్కువ. లెక్క సరిపోయింది.

సభ 29న. అంతవరకు నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. ఫ్రేములో గీత ఉంది, గీత అందంగా ఉంది, యశోదమ్మ సంతోషంగా ఉంది. లక్ష్మణప్ప నోరు మూసుకుంటాడు. బడి నిలబడుతుంది. అబద్ధం వల్ల నిలబడినా గోడ గోడే కదా.

దీనిమీద గంభీరంగా ఆలోచించాను. ఒబ్బట్లు మూడు తినేవరకు.

లక్ష్మణప్ప మెడ తుడుచుకున్న తువ్వాలు మాటిమాటికీ గుర్తుకొస్తోంది. ఆయనకు చెమట్లు పోశాయి. నేను కాదన్నాను.

మార్చి 20

యశోదమ్మకు చెప్పాను. ఆఫీసులో, ఫ్రేము కిందే.

ఆమె తలెత్తి ఫ్రేము వంక చూసింది. తర్వాత, "అయితే ఇస్కూలు సల్లగా ల్యాదా?" అంది, చిన్నగా.

"తెలియదమ్మా. నేనింకా కొలవలేదు."

ఆశక్క గుమ్మంలో నిలబడి వింది. "నేను కాపాడితి అనుకుంటి" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాపాడినావు ఆశక్కా. నేనే సరిగ్గా చెప్పలేదు. దాన్ని ఎండలో, గాలిలో, బాలు దెబ్బలో వదిలేస్తేనే అది పని చేసేది."

"బిడ్డల మాదిరే అన్నమాట" అంది ఆశక్క ముక్కు చీదుతూ.

ఫ్రేము నేనే దించాను. యశోదమ్మ వద్దనలేదు. వెనక గోడకు మేకు మాత్రం మిగిలింది.

మార్చి 24

నిజమైన గీత: బయట ముప్పైఏడు, ఏడో తరగతి ముప్పైనాలుగు. మా ఇల్లు ముప్పైఆరు.

ఇన్ని బాణాలకూ, ఇంత మట్టికీ కలిపి మా ఇంటికంటే రెండు డిగ్రీలు తక్కువ. నా ప్రేమ విలువ రెండు డిగ్రీలు.

మార్చి 25

బాగేపల్లిలో అమ్మ పెదనాన్న కూతురింట్లో పడుకుని, తెల్లవారి బడి తెరిచే వేళకు వెళ్ళాను. వరండాలో చలి పెట్టేంత గాలి. ఆశక్క ఏడో తరగతి తలుపు తాళం తీసింది. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను.

నిన్నటి ఎండ లోపలే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు కూడా.

"రాత్రంతా కిటికీలు మూసే ఉంటాయా?"

"బెల్లు కొట్టినంక అన్నీ మూసి గడియలేసేది గదమ్మా. ఇస్కూలు అంటే అదే గదా పద్ధతి."

తలెత్తి గాలి రంధ్రాల వంక చూశాను. ఒక్కదాంట్లోంచీ వెలుగు రావడం లేదు. నిచ్చెన వేసి ఎక్కాను. గోనె సంచులు. పావురాలు దూరి బెంచీల మీద రెట్టలు వేస్తున్నాయని ఎప్పుడో కుక్కేశారు. యశోదమ్మే కుక్కించిందట.

"పిల్లోళ్ళ నెత్తిన పడతాండె గార్గీ, ఏం చేసేది?"

పగలు వేడి తాగి రాత్రి కక్కమని గోడను అంత మందంగా కట్టారు. రాత్రయ్యేసరికి నోరూ ముక్కూ మూసి తాళం వేస్తున్నాం. పొద్దున ఎండ వచ్చాక తెరుస్తున్నాం. నేను ఇన్ని గురువారాలు ఈ రంధ్రాల కింద కూర్చుని ఒక్కసారి తలెత్తి చూడలేదు. బాణాలు పైకే కదా పోతాయి.

మధ్యాహ్నం అందరం కలిసి సంచులు పీకాం. పావురాలు రాకుండా కోళ్ళగూటి జాలీ కొట్టించాం. సాయంత్రం కిటికీలు తెరిచి, పొద్దెక్కేసరికి మూయాలని ఆశక్కకు చెప్పాను. అన్నీ తలకిందులు. "అందరూ చేసేదానికి ఎదురు చేయాలన్నమాట" అని ఒక్క ముక్కలో పెట్టుకుంది.

మార్చి 28

మూడు రాత్రుల గాలి తర్వాత: ముప్పైఒకటిన్నర.

మహాద్భుతం కాదు. ఫ్రేము కట్టరు. కానీ మేష్ట్రు హాజరు పుస్తకం బల్ల మీదే ఉంది.

మార్చి 29, ఆదివారం

సభ. ఏడో తరగతి గదిలోనే. బెంచీల మీద ట్రస్టు పెద్దలు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

లేచి నిలబడ్డాను. "నేను మార్చి మొదట్లో ఇచ్చిన గ్రాఫు తప్పు. ఆ డబ్బా గదిలో లేదు, ఆఫీసు బీరువాలో ఉండింది. ఆ గ్రాఫు ప్రకారం తాలూకాలో అన్నిటికంటే చల్లని కట్టడం మీ బీరువా. ప్లాటినం బిళ్ళ ఇవ్వాలంటే దానికే ఇవ్వాలి."

పగలబడి నవ్వారు. లక్ష్మణప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "నాకు చెమట్లు పోస్తాండాయని ఆ పొద్దే చెప్పలేదా!" అన్నాడు.

"చెప్పినారప్పా. మీరే రైటు."

నవ్వు తగ్గాక నిజమైన అంకెలు చెప్పాను. గోనె సంచులు, కిటికీలు, ముప్పైఒకటిన్నర. గాలి రంధ్రాలు మూసి సీలింగు కొడితే ఇక ఎప్పటికీ ఏసీ నడపాల్సిందేనని, కరెంటు పోయిన మధ్యాహ్నం పిల్లలు ఉడికిపోతారని చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

లక్ష్మణప్ప లేచాడు. ఈసారి నవ్వు లేదు.

"అమ్మా, నీ అంకెలు నిజమే అనుకుందాం. మా నాయన మట్టింట్లో పుట్టినాడు. వానకాలమొస్తే ఒక గోడ పడిపోయేది. మా యమ్మ మెత్తి మెత్తి గోర్లు పోగొట్టుకునింది. నేను టమాటా బుట్టలు మోసి సిమెంటు గోడ లేపితే, మా నాయన ఆ గోడను ఒక పూటంతా తడిమి సూసుకున్నాడు. మట్టిలోంచి బయటపడేదానికి మాకు రెండు తరాలు పట్టినాది. ఇప్పుడు చదువుకున్నోళ్ళొచ్చి మట్టే మంచిది అంటాండారు. మీ ఇల్లు దేంతో కట్టినారమ్మా?"

"సిమెంటుతోనే అప్పా."

"మీ సారుది?"

"...అదీ సిమెంటే."

"మల్ల?"

నా దగ్గర జోకులు చాలా ఉంటాయి. ఒక్కటీ రాలేదు. ఇన్నాళ్ళూ నేను ఉడుకు కొలుస్తున్నాను. ఆయన అడుగుతున్నది ఉడుకు గురించి కాదు.

"దానికి నా దగ్గర జవాబు ల్యాదప్పా" అన్నాను. సభ కోసం దిద్దుకున్న మాట పోయి, మా ఇంటి యాస పడింది. "మీ అమ్మగారు మెత్తింది పచ్చిమట్టి. ఇది మిషనులో అదిమి, కొంచెం సిమెంటు కలిపిన ఇటుక. ఇన్ని వానలకు గోడ కరగల్యా, అది మీరే సూస్తాండారు. కానీ మర్యాద సంగతి నేను కొలవలేను. మా ఇంట్లో మాత్రం ముప్పైఆరు. మా నాన్న మధ్యాహ్నం వరండాలో చాప వేసుకుంటాడు."

లక్ష్మణప్ప చాలాసేపు గోడ వంక చూశాడు.

"ఆ డబ్బా ఒకటి నాకియ్యి. మా కొత్తింట్లో పెట్టుకొని సూస్తా. నువ్వు సూసి చెప్పేది వద్దు, నేనే సూస్తా. శాలె తెరిచేలోపల తేలుస్తా. అంతవరకు ఏదీ ముట్టుకోవద్దు, పూత వద్దు, సీలింగు వద్దు." ఆ తర్వాత ఆశక్క వంక తిరిగి: "ఇక్కడి దాన్ని బీరువాలో పెట్టినావంటే సూడు!"

ఏప్రిల్ 3

మా ఇంటి లాగరే లక్ష్మణప్పకిచ్చాను. ఖాళీ అయిన మేకు వంక నాన్న దిగులుగా చూస్తున్నాడు. రోజుకు నాలుగుసార్లు చదివేవాడు.

ఏప్రిల్ 21

సెలవులు. ఆశక్క రోజూ వెళ్ళి పొద్దున కిటికీలు మూసి, సాయంత్రం తెరుస్తోంది. తెర మీది అంకె ఫోటో తీసి పంపుతుంది. ప్రతి ఫోటోలోనూ ఆమె బొటనవేలు కూడా ఉంటుంది, సాక్షి సంతకంలాగా.

లక్ష్మణప్ప దగ్గరనుంచి మాట లేదు.

ఏప్రిల్ 30

లక్ష్మణప్ప దగ్గరనుంచి మాట లేదు. నాకేమీ ఆత్రం లేదు.

మే 2

ఆత్రం లేదని రాసి ఊరుకున్నాను గానీ, మండీ దారిలో ఆయన ఇంటి ముందునుంచి రెండుసార్లు వెళ్ళాను. మూడంతస్తులు. ముందంతా నీలం అద్దాలు. గేటు పక్కన, వేపచెట్టు నీడలో, నులకమంచం.

మే 19

జ్యూరీ. అదే పెద్దాయన. మూడు కట్టడాల గ్రాఫులతో పాటు బీరువా గ్రాఫు కూడా పెట్టాను, కింద 'బీరువా' అని రాసి. ఆయన కళ్ళజోడు తీశాడు. నేను సిద్ధపడ్డాను. ఆయన నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. "ఇది మాత్రం థీసిస్‌లోంచి తీయొద్దు" అన్నాడు. పాసయ్యాను.

అమ్మకూ నాన్నకూ ఒకే రకంగా చెప్పాను.

మే 24

మధ్యాహ్నం ఫోను.

"అమ్మా, లక్ష్మణప్పను. నువ్విచ్చిన మిషను చెడిపోయినట్టుండాది."

"ఏమైందప్పా?"

"ముప్పైఏడు సూపిస్తాండాది. మా హాల్లో."

"అది చెడిపోల్యాదప్పా."

వెనకాల పెద్ద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఇస్కూల్లో ఎంతుండాది?"

ఆశక్క బొటనవేలి ఫోటో తీసి చూశాను. "ముప్పైరెండు."

ఇంకాసేపు ఫ్యాను.

"బీరువాలో పెట్టినారేమో సూడు" అన్నాడు.

నవ్వాడో లేదో తెలియలేదు. ఫోను పెట్టేశాడు.

మే 26

ఆశక్క ఫోను. ఊపిరాడకుండా చెప్పింది.

"నిన్న మద్యాన్నం లక్ష్మణప్ప వచ్చినాడమ్మా, ఒక్కడే. తాళం తీయమన్నాడు. ముందు పోయి బీరువా తెరిపించి సూసినాడు. తెర ఇప్పి కూడా సూసినాడు. ఏడో తరగతిలో పోయి వెనక బెంచీలో కూసున్నాడు. కరెంటు కూడా ల్యా. నీళ్ళడిగినాడు, ఇచ్చినాను. పొద్దు గూకేదాకా అట్లే కూసున్నాడు. ఒకసారి లేచి గోడ మీద చెయ్యిపెట్టి, ఇట్ల, పొడుగునా తడిమినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనల్యా. నేను పోయి కిటికీలు తెరుస్తాంటి. ఆయప్ప ఇంటికి పోతా పోతా ఒక కిటికీ రెక్క మీద చెయ్యేసినాడు, మూసేదానికి. నా పానం పోయినాది. మల్ల చెయ్యి తీసేసినాడు."

"తీసేసి?"

"'ఉండనీలే, రాత్రికి గాలి రానీ' అన్నాడు."

ఫోను పెట్టాక ఈ పేజీలో ఒక నీలం బాణం గీయాలనిపించింది. గీయలేదు. గాలికి దారి తెలుసు.